సొంతంగా కన్సల్టెంట్‌గా మొదలుపెట్టేవారి అనుమానాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పదిహేడేళ్లు ఒక యంత్ర విడిభాగాల కర్మాగారంలో, నాణ్యత విభాగంలో పనిచేశాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చిన్న పరిశ్రమలకు సలహాలిస్తూ తిరుగుతున్నాను. ఉద్యోగం మానేసి ఇదే దారి పట్టాలనుకునేవారు తరచూ ఫోను చేస్తుంటారు. మొదటి ఐదు నిమిషాలు జీఎస్టీ గురించి అడుగుతారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇంతకీ నేను దీనికి పనికొస్తానంటారా?" అంటారు. ఫోను చేసింది ఆ ఒక్క మాట కోసమేనని అప్పుడు అర్థమవుతుంది.

అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి, ఆ ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా నా రంగానివే. మీది అకౌంట్లు కావచ్చు, ఆహార భద్రత కావచ్చు, సాఫ్ట్‌వేర్ కావచ్చు. అనుమానాలు మాత్రం పెద్దగా మారవు.

## ఇంకా ఉద్యోగంలో ఉండగా

నాకు తెలిసింది అందరికీ తెలిసిందే కదా, దానికి డబ్బు ఎవరిస్తారు?

పదిహేనేళ్లుగా మీ చుట్టూ ఉన్నది మీలాంటివారే. కాబట్టి మీకు తెలిసింది లోకమంతటికీ తెలుసనిపిస్తుంది. నేను పనిచేసిన చోట మైక్రోమీటరును (సన్నని కొలతలు తీసే పరికరం) గడువు ప్రకారం క్యాలిబ్రేషన్‌కు, అంటే కొలత సరిగ్గా చూపుతోందో లేదో సరిచూడటానికి, పంపాలని కొత్తగా చేరిన ట్రైనీకి కూడా తెలుసు. సొంతంగా మొదలుపెట్టాక నేను వెళ్లిన రెండో మెషిన్ షాపులో (యంత్రాల మీద విడిభాగాలు చేసే చోట) పన్నెండు మంది పనివాళ్లు, మంచి యంత్రాలు ఉన్నాయి. మైక్రోమీటరు మాత్రం మూడేళ్లుగా ఆ గది దాటలేదు. కస్టమర్ల నుంచి సరుకు ఎందుకు తిరిగి వస్తోందో యజమానికి అంతుబట్టలేదు. నేను చెప్పింది ఒక ట్రైనీ చెప్పగలిగిన మాటే. కానీ ఆ ట్రైనీ ఆ షాపులో లేడు.

ఒక పని చేయండి. గడచిన ఏడాదిలో తోటివాళ్లు మీ బల్ల దగ్గరికి ఏయే సంగతులు అడగడానికి వచ్చారో ఒక పదింటిని కాగితం మీద రాయండి. వాటిలో మీరు ఆలోచించకుండానే జవాబిచ్చినవి ఏవో చూడండి. మీకు సులువుగా వచ్చేది మీ కంటికి చవకగా కనిపిస్తుంది. మీ సరుకు మాత్రం అదే.

బయటివాడిని. వాళ్ల కర్మాగారం గురించి ఏమీ తెలియని నా మాట ఎందుకు వింటారు?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఉద్యోగంలో ఉండగా ఆ సామెత మిమ్మల్ని ఏడిపించి ఉంటుంది. మీరు మూడేళ్లుగా మొత్తుకున్న మాటనే బయటి నుంచి వచ్చిన ఆయన ఒక్క రోజులో చెప్పి ఫీజు తీసుకుని వెళ్లడం చూసే ఉంటారు. ఇప్పుడు ఆ సామెత మీ పక్షాన చేరింది.

ఇక తెలియకపోవడం గురించి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. అంతకుముందే బొంబాయి ప్రభుత్వ కొలువు నుంచి ముందుగా విరమించుకున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య అప్పుడు యూరప్ పర్యటనలో ఉన్నారు. నిజాం ప్రభుత్వం పిలిస్తే, 1909లో ఇక్కడికి సలహాదారు ఇంజనీరుగా వచ్చారు. ఆయన మొదట చేసింది లెక్కలు పోగుచేయడం. వాన ఎంత పడింది, పైన ఎన్ని చెరువులున్నాయి, వాటిలో ఎన్ని తెగాయి అన్నవి చూశారు. తెగిన చెరువులే రెండు వందలు దాటాయి. నదికి ఎగువన నీటిని ఆపే జలాశయాలు కట్టాలన్న సలహా ఆ లెక్కల మీద నిలబడింది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం విశ్వేశ్వరయ్యలం కాము, సరే. కానీ కొత్త చోట మొదటి రోజు లెక్కలు అడిగి, రాసుకుని, చెరువులు చూసి రావడానికి అంత మేధావి కానక్కరలేదు.

నా వయసు ఇరవై తొమ్మిదే. / నాకు యాభై రెండు దాటాయి. ఇప్పుడా?

రెండు ప్రశ్నలూ ఒకే వారంలో వచ్చాయి కాబట్టి పక్కపక్కన పెట్టాను. చిన్నవాళ్లు సలహాల కన్నా చేసిపెట్టే పని అమ్మడం సులువు: లెక్కలు తీయడం, ఫైళ్లు సర్దడం, కొలతలు నమోదు చేసే పద్ధతి పెట్టడం లాంటివి. పెద్దవాళ్లను అనుభవం చూసి పిలుస్తారు. అయితే పాత పద్ధతుల మనిషి అన్న అనుమానం వాళ్లను వెంటాడుతుంది. ల్యాప్‌టాప్ తెరిచి ఒక పట్టిక చూపిస్తే అది అక్కడే పోతుంది.

ధైర్యం వచ్చాక మానేద్దామనుకుంటున్నాను. ఆ ధైర్యం ఎప్పుడు వస్తుంది?

నాకు మూడో బిల్లు తాలూకు డబ్బు వచ్చాక వచ్చింది. అంటే రాజీనామా చేసిన ఎనిమిది నెలలకు. ముందుగా రావలసినవి వేరే ఉన్నాయి. కనీసం తొమ్మిది నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా ఉండాలి, ఎందుకంటే కంపెనీ ఇచ్చే బృంద బీమా సాధారణంగా ఉద్యోగంతో పాటే పోతుంది. "నువ్వు బయటికి వస్తే నీకు పని ఇస్తాను" అని నోటితోనైనా చెప్పిన మనిషి ఒక్కరైనా ఉండాలి. ఈ మూడూ ఉంటే వణుకుతూనే మానేయవచ్చు. అవి లేకుండా ధైర్యం ఒక్కటే ఉంటే, దయచేసి ఇంకొన్నాళ్లు ఆగండి.

ఇంటి రుణం తీసుకునే ఆలోచన ఉంటే ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి. సొంతంగా పనిచేసేవారిని బ్యాంకులు రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతాయి.

నేను పనికిరానేమో అన్న ఈ అనుమానాన్ని 'ఇంపోస్టర్ సిండ్రోమ్' అంటున్నారు. ఇది జబ్బా?

పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో దీని గురించి రాశారు. చదువులో, వృత్తిలో బాగా రాణించిన నూట యాభై మందికి పైగా మహిళలను గమనించారు. ఇంత సాధించినా లోలోపల "నేను అందరినీ మోసం చేస్తున్నాను, ఏదో ఒక రోజు దొరికిపోతాను" అనుకునే ధోరణికి పేరు పెట్టారు. వాళ్లు వాడిన మాట 'ఫినామినన్'. జబ్బు అనిపించే 'సిండ్రోమ్' తర్వాత జనం నోట స్థిరపడింది.

ఈ పేరు దొరికాక ఒక చిక్కు వచ్చింది. ప్రతి అనుమానాన్నీ దీని ఖాతాలో వేసి, "నాకేం లోటు లేదు, ఇదంతా సిండ్రోమే" అని సర్దిచెప్పుకుంటున్నారు. కొన్ని అనుమానాలు నిజాలే. నేను వాటిని ఇలా వేరుచేస్తాను. "లోహం పోత పోసే ఫౌండ్రీలో నేనెప్పుడూ పనిచేయలేదు" అన్నది ఫలానా అని చూపించగల లోటు. దాన్ని నేర్చుకోవచ్చు, లేదా ఆ పని వదులుకోవచ్చు. "నేను చాలను" అన్నదానిలో పట్టుకోవడానికి ఏమీ లేదు. అది చాలాసార్లు రాత్రి పదకొండు తర్వాతే వస్తుంది. పొద్దున్నే చూస్తే సగం ఉండదు.

వారాల తరబడి నిద్ర, ఆకలి పోతే మాత్రం అది ఇంత తేలికగా రాసే విషయం కాదు. వైద్యుడిని కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సహాయ కేంద్రం 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పాత కంపెనీ నా మీద కేసు వేస్తుందేమో?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఒకరిని తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదు. ఉద్యోగం మానేశాక అదే రంగంలో పనిచేయకూడదన్న షరతును మన కోర్టులు సాధారణంగా అమలు చేయవు. రహస్యాల సంగతి వేరు. డ్రాయింగులు, ధరల పట్టికలు, కస్టమర్ల జాబితా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వస్తే చిక్కుల్లో పడతారు. బుర్రలో ఉన్న నేర్పు మీది, ఫైళ్లలో ఉన్నది వాళ్లది. నియామక పత్రాన్ని ఒకసారి వకీలుకు చూపించండి. గంట సేపటి పని, ఏడాది పాటు నిద్ర పడుతుంది.

## బయటికి వచ్చిన మొదటి నెలలు

'ఏం చేస్తున్నావు' అని ఎవరైనా అడిగితే నోరు పెగలడం లేదు. ఏమని చెప్పాలి?

ఒక పెళ్లిలో "కన్సల్టెన్సీ పెట్టాను" అన్నాను. మా పెదనాన్న సంబరపడిపోయి, "అయితే మా మనవడికి ఏదైనా ఉద్యోగం చూసిపెట్టరా" అన్నారు. ఇంకొకాయన వీసా ఎన్నాళ్లలో వస్తుందని అడిగారు. మన ఊళ్లలో కన్సల్టెన్సీ అంటే అమీర్‌పేటలో బోర్డు పెట్టి ఉద్యోగాలు ఇప్పించేదో, విదేశాలకు పంపేదో అని అర్థం. వాళ్ల తప్పు కాదు.

బంధువులకు "సొంతంగా పనిచేసుకుంటున్నాను" చాలు. పని ఇవ్వగలిగినవారికి మాత్రం ఎవరికి, ఏ కష్టం తీరుస్తారో ఒక్క ముక్కలో చెప్పండి. "చిన్న మెషిన్ షాపుల్లో తిరిగొచ్చే సరుకు తగ్గిస్తాను" అని నేను చెప్పడం మొదలుపెట్టాక "అంటే ఏమిటి?" అని ఎవరూ అడగలేదు. "మా దగ్గరా అదే గొడవ" అన్నవారు కొందరున్నారు. ఆ వాక్యం దొరకడానికి నాకు ఐదు నెలలు పట్టింది. దొరికేదాకా నోరు పెగలకపోవడం సహజమే.

ఇంట్లో అందరూ మళ్లీ ఉద్యోగం చూసుకోమంటున్నారు. వాళ్లకే నమ్మకం లేకపోతే నాకెలా ఉంటుంది?

ఉద్యోగం పురుష లక్షణమన్న మాట ఇంకా గోడ మీద రాసినట్టే ఉంది. ఆడవాళ్లయితే ఇంకో రకం: "ఇంట్లో ఉండే పనేగా, పిల్లల్ని బడి నుంచి తీసుకురాకూడదా" అంటారు. కోప్పడకండి. వాళ్లకు కనబడేది ఒకటో తారీఖున రాని జీతం ఒక్కటే. మీరు పగలంతా ఎంతమందిని కలిశారో వాళ్లకు తెలియదు.

నేను చేసింది చెబుతాను. మా ఆవిడ ముందు బ్యాంకు పుస్తకం పెట్టి, "ఇందులో పది నెలల ఖర్చు ఉంది. వచ్చే దసరా నాటికి నెలకు ఇంత రాకపోతే ఉద్యోగానికి దరఖాస్తు చేస్తాను" అన్నాను. అంకె, తేదీ చెప్పాక ఇంట్లో రోజువారీ విచారణ ఆగిపోయింది. దసరాకు ఆ అంకె రాలేదు, దాదాపు సగం వచ్చింది. సంక్రాంతి దాకా చూద్దామని ఈసారి ఆవిడే అంది. ఆశాజనకమైన మాటలు నేను ఎంత చెప్పినా ఆ గడువు వచ్చేది కాదు.

మూడు నెలలైనా ఒక్క ఫోను రాలేదు. నేను పనికిరానన్నట్టేగా?

ఆ మూడు నెలల్లో మీరు ఎంతమందిని అడిగారు? నన్ను ఎవరైనా ఈ ప్రశ్న అప్పట్లో అడిగి ఉంటే సిగ్గుపడేవాడిని. విజిటింగ్ కార్డు రంగు ఎంచుకోవడానికి రెండు వారాలు, వెబ్‌సైటుకు నెలన్నర పట్టాయి. ఫోను చేసింది నలుగురికి. అందులో ఇద్దరు నా క్లాస్‌మేట్లు, వాళ్లకు పరిశ్రమలే లేవు.

అడగందే అమ్మయినా పెట్టదు. పాత సరఫరాదారులు, పాత కస్టమర్లు, పక్క విభాగంలో మానేసి వెళ్లినవాళ్లు, పనిముట్లు అమ్మే ఏజెంట్లు, ఇలా అరవై పేర్లు రాసుకున్నాను. ఏజెంట్లను తక్కువ చేయకండి. ఏ షాపులో ఏ గొడవ నడుస్తోందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నలభై మందితో మాట్లాడేసరికి ఏడుగురు రమ్మన్నారు, ఇద్దరు పని ఇచ్చారు. మొదటి బోణీ ఒక ఏజెంటు చెప్పగా వచ్చింది. నలుగురిని అడిగి ఫోను రాకపోతే అది మీ మీద తీర్పు కాదు. నలభై మందిని అడిగాక కూడా ఒక్కరూ రమ్మనకపోతే, మీరు చెబుతున్న సేవ ఎవరికీ అర్థం కావడం లేదని. అప్పుడు మాట మార్చండి.

నా గురించి నేను గొప్పగా చెప్పుకోవడం రాదు.

అవసరం లేదు. వాళ్ల కష్టం గురించి మూడు మంచి ప్రశ్నలు అడగండి. "పోయిన నెలలో ఎంత సరుకు తిరిగొచ్చింది? ఎవరు లెక్క రాస్తారు? ఆ పుస్తకం చూడవచ్చా?" ఆ పుస్తకం చాలాచోట్ల ఉండదు. ఆ తర్వాత మిమ్మల్ని మీరు పొగుడుకోవలసిన పని పడదు.

ఇంగ్లీషు ధారాళంగా రాదు. కన్సల్టెంటంటే సూటూ ఇంగ్లీషూ కదా?

నేను ఫీజు తీసుకునే చోట టర్నర్‌తో తెలుగులోనో హిందీలోనో మాట్లాడతాను. యజమానితోనూ అంతే. నివేదిక మాత్రం ఇంగ్లీషులో ఉండాలి, ఎందుకంటే అది వాళ్ల కస్టమరైన పెద్ద సంస్థకు వెళుతుంది. నా నివేదికలో ఎడమవైపు ఫొటో, కుడివైపు ఒక్క వరుస ఉంటాయి. "గేజ్ మీద తుప్పు. మార్చాలి." అలా ఇరవై వరుసలు రాయడానికి పదో తరగతి ఇంగ్లీషు సరిపోతుంది. ధారాళమైన ఇంగ్లీషులో నలభై పేజీలు రాసిచ్చినవారి నివేదికలు నేను చాలా బీరువాల్లో చూశాను. సీలు కూడా తీసి ఉండదు.

ఇంకో సర్టిఫికెట్ కోర్సు చేశాక మొదలుపెట్టనా?

చట్టం అడిగితే తప్పదు. ఆడిటు నివేదిక మీద సంతకం పెట్టాలంటే చార్టర్డ్ అకౌంటెంటై ఉండాలి, కోర్టులో వాదించాలంటే న్యాయవాదిగా నమోదై ఉండాలి. మిగతా చోట్ల, ముగ్గురు క్లయింట్లు ఆ సర్టిఫికెట్ పేరెత్తి అడిగితే చేయండి. నన్ను ఐఎస్‌ఓ 9001 (నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) లీడ్ ఆడిటర్ కోర్సు చేశారా అని నిజంగానే అడిగారు, ఐదు రోజులు కూర్చుని చేశాను, పనికొచ్చింది. ఆ తర్వాత చేసిన మరో రెండు కోర్సుల గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఫోను చేయడానికి భయపడి క్లాసుకు వెళ్లానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

పిల్లల కోసం ఏడేళ్లు ఇంట్లో ఉన్నాను. ఆ ఖాళీ గురించి అడిగితే?

ఉద్యోగపు ఇంటర్వ్యూలో అడిగినంతగా క్లయింట్లు అడగరు. వాళ్లకు కావలసింది మార్చి నెలాఖరులోపు తమ లెక్కలు తేలడం. మీ రంగంలో ఆ ఏడేళ్లలో మారినవి ఏమిటో ఒక పేజీ రాసుకోండి. అకౌంట్లయితే 2017 జులైలో వచ్చిన జీఎస్టీ, ఆ తర్వాత దానిలో జరిగిన మార్పులు. ఆ పేజీ పూర్తయ్యేసరికి మీ భయంలో ఎంత నిజముందో మీకే తెలుస్తుంది.

## ఫీజు దగ్గర

ఫీజు చెప్పేటప్పుడు గొంతు ఎండిపోతోంది. ఎంత చెప్పాలి?

మనవాళ్లను ముంచేది మొహమాటం. దానికి మందు లెక్క.

మీ పాత జీతం ఏడాదికి పన్నెండు లక్షలనుకుందాం. దాన్ని మూడు వందల పనిదినాలతో భాగించి, "రోజుకు 4,000 న్యాయం" అని చాలామంది అనుకుంటారు. సొంతంగా పనిచేసేవారికి మూడు వందల రోజుల పని దొరకదు. పని వెతకడానికి, కొటేషన్లు రాయడానికి, బాకీల కోసం తిరగడానికి, లెక్కలు రాయడానికి, జ్వరానికి, పెళ్లిళ్లకు పోగా ఏడాదికి వంద రోజులు బిల్లు వేయగలిగితే మొదట్లో మంచిదే. 4,000 చొప్పున వంద రోజులకు నాలుగు లక్షలు. పాత జీతంలో మూడో వంతు! ఇక బీమా, ప్రయాణాలు, కంప్యూటరు, సెలవు జీతం, కంపెనీ కట్టిన భవిష్యనిధి, అన్నీ కలిపి ఇంకో మూడు లక్షలు వేసుకోండి. పదిహేను లక్షలను వందతో భాగిస్తే రోజుకు 15,000.

ఈ లెక్క ఒకసారి సొంత చేతితో వేసినవాళ్లకు అంకె చెప్పడం కాస్త సులువవుతుంది. అది అత్యాశ కాదని తెలుస్తుంది. అంకె చెప్పాక మాత్రం నోరు మూసుకోండి. నేను మొదట్లో "పదిహేను వేలండీ" అని, అవతలివారు ఊపిరి పీల్చేలోపే "మీకైతే పన్నెండు" అనేవాడిని. తగ్గించమని ఎవరూ అడగలేదు.

'ఎక్కువ చెప్పారు' అనగానే తగ్గించేస్తున్నాను.

ధర తగ్గిస్తే పని కూడా తగ్గించండి. ఆరు యంత్రాల బదులు మూడు, నాలుగు సందర్శనల బదులు రెండు. పని అలాగే ఉంచి ధర తగ్గిస్తే, మొదట చెప్పింది అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు.

తెలిసినవాళ్లు ఊరికే చేసిపెట్టమంటున్నారు. కొత్తవాడిని కదా, చేయాలేమో?

ఒక గంట ఊరికే ఇవ్వండి. వెళ్లండి, చూడండి, టీ తాగండి, తోచింది చెప్పండి. రెండో గంట నుంచి కొటేషన్. బావమరిదికో గురువుగారికో నిజంగానే ఉచితంగా చేయవలసి వస్తే, పూర్తి ఫీజు రాసి, కింద అంతే రాయితీ రాసి, సున్నా చూపించే కాగితం ఒకటి ఇవ్వండి. ఆ కాగితం వాళ్లకన్నా మీకు ఎక్కువ పనికొస్తుంది. మీ పని విలువ ఎంతో మీ చేతిరాతతో ఒకచోట ఉంటుంది.

జీఎస్టీ, టీడీఎస్ అంటేనే భయం. ఇవి తెలియనివాడిని నేనేం కన్సల్టెంట్‌ను?

ఇది వాయిదా వేయడానికి దొరికే అందమైన సాకు. తెలుగు రాష్ట్రాల్లో సేవలు అందించేవారికి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. దాటితే సలహా సేవల మీద 18 శాతం. వృత్తి ఫీజు మీద కంపెనీలు సాధారణంగా 10 శాతం టీడీఎస్ పట్టుకుంటాయి. అది పోయిన డబ్బు కాదు, మీ పేర కట్టిన పన్ను. రిటర్ను వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది. సాంకేతిక సలహా లాంటి కొన్ని వృత్తులవారు ఆదాయపు పన్ను చట్టం (1961 చట్టంలో 44ఏడీఏ సెక్షన్) కింద, వచ్చిన ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపించే వీలుంది. దానికి పరిమితి 50 లక్షలు, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షలు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. దానిలో సెక్షన్ల సంఖ్యలు వేరు. మీ వృత్తి ఈ జాబితాలో ఉందో లేదో అకౌంటెంటును ఒక్కసారి అడగండి. మీరు మీ క్లయింట్లకు ఎందుకు కావాలో, మీకు అకౌంటెంటు అందుకే కావాలి.

డబ్బు ఇవ్వకుండా తిప్పుతున్నారు. నా పని నచ్చలేదనేనా?

చిన్న షాపుల్లో చాలాసార్లు కారణం వేరు. వాళ్లకు రావలసింది పెద్ద కంపెనీ దగ్గర ఇరుక్కుపోయి ఉంటుంది. పని నచ్చనివాళ్లు ఆ మాట చెప్పేస్తారు, మొహం మీదే. తిప్పేవాళ్లు నవ్వుతూ టీ ఇస్తారు.

చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి, ఖర్చు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పుకున్న గడువులో చెల్లించాలి, ఆ గడువు 45 రోజులు మించకూడదు. మించితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. నేను ఇంతవరకు ఫిర్యాదు దాకా వెళ్లలేదు, బిల్లు కింద ఉద్యమ్ నంబరు, ఆ చట్టం పేరు ఒక వరుస రాస్తాను. మార్చి నెలలో వాళ్ల ఆడిటరే ఆ వరుస చదివి గుర్తుచేస్తాడు. అన్నిటికన్నా ముందు మూడో వంతు బయానా. బయానా ఇవ్వడానికి వెనుకాడేవారు చివర్లో ఇస్తారని నేను ఇక నమ్మను.

## పని మధ్యలో

వాళ్లడిగినదానికి జవాబు తెలియకపోతే పరువు పోదా?

పోయింది, ఒకసారి. మొదటి ఏడాదిలో ఒక షాపులో హీట్ ట్రీట్‌మెంట్ (వేడిచేసి గట్టిపరచడం) అయి వచ్చిన షాఫ్టుల్లో కాఠిన్యం ఒక్కోదానికి ఒక్కోలా ఎందుకుందని అడిగారు. అది నా రంగం కాదు. అయినా తెలియదనడానికి మనసొప్పక, ఉక్కు రకం గురించి ఏదో గంభీరంగా చెప్పాను. మూలన నిలబడ్డ పెద్దాయన ఒకరు, ముప్పై ఏళ్లుగా కొలిమి దగ్గర పనిచేసిన మనిషి, నా వైపు చూసి తల దించుకున్నారు. నవ్వినా బాగుండేది. ఆ షాపు నుంచి మళ్లీ పిలుపు రాలేదు.

అప్పటి నుంచి జేబులో చిన్న పుస్తకం ఉంటుంది. తెలియని ప్రశ్న వస్తే వాళ్ల ముందే అందులో రాసి, "గురువారంలోపు కనుక్కుని చెబుతాను" అంటాను. బుధవారమే చెబుతాను. ఎవరూ నన్ను తక్కువగా చూడలేదు. ఒక యజమాని అయితే, "ఇంతకుముందు వచ్చినాయన అన్నిటికీ అక్కడికక్కడే జవాబు చెప్పేవారు, అందుకే మాన్పించాం" అన్నారు. తెలిసినవారు దొరకకపోతే కూడా ఆ రోజుకు ఫోను చేసి దొరకలేదని చెప్పండి. గురువారం మౌనంగా దాటిపోవడమే పరువు తీసేది.

అక్కడి పాత ఫోర్‌మన్‌కు నాకన్నా ఎక్కువ తెలుసు. ఆయన ముందు నేనేం చెప్పను?

ఆయన యంత్రం గురించి ఆయనకే ఎక్కువ తెలియాలి, తెలుసు కూడా. మొదట ఆయన దగ్గరికే వెళ్లండి. "అన్నా, ఈ యంత్రం మీద పని ఎక్కడ చెడుతుందో మీరైతే ఏమంటారు?" అని అడగండి. సగం జవాబులు అక్కడే దొరుకుతాయి. వాటిని ఆయన ఎన్నోసార్లు చెప్పి ఉంటారు, ఎవరూ రాసుకోలేదు, లెక్క కట్టలేదు. మీరు వారం పాటు కొలిచి, ఆయన మాట వల్ల నెలకు ఎంత సరుకు మిగులుతుందో చూపిస్తారు. నివేదికలో ఆయన పేరు రాయండి. ఆ పేరు రాయకుండా ఆ మాట మీదిగా చెప్పుకున్న రోజు మాత్రం, నేను మోసగాడినేమో అన్న మీ అనుమానం నిజమవుతుంది.

నా సలహా తప్పయి నష్టం వస్తే?

ఒక షాపులో తనిఖీల సంఖ్య తగ్గించమని చెప్పాను. ఒక లాటు తిరిగొచ్చింది. వాళ్లు ఫోను చేసేలోపే నేనే వెళ్లి, నా లెక్క ఎక్కడ తప్పిందో చెప్పి, ఆ నెల ఫీజు వద్దన్నాను. ఇప్పటికీ ఏటా పిలుస్తారు. కానీ ప్రతిసారీ అలా జరుగుతుందని చెప్పలేను.

అప్పటి నుంచి ఏ మార్పయినా ముందు ఒక యంత్రం మీద, ఒక వారం. సలహా పక్కనే అది ఏ లెక్కల మీద ఆధారపడిందో రాస్తాను. భవన నిర్మాణం, ఆరోగ్యం, డేటా భద్రత లాంటి పెద్ద నష్టాలకు వీలున్న రంగాలవారు వృత్తిపరమైన బాధ్యత బీమా గురించి విచారించండి.

'అవన్నీ వద్దు, సర్టిఫికెట్ ఒక్కటి ఇప్పించండి' అంటున్నారు. కాదంటే పని పోతుంది.

పోనివ్వండి. ఐఎస్‌ఓ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ వేరుగా ఉండాలి, సలహా ఇచ్చినవారే సర్టిఫికెట్ ఇవ్వకూడదు. రెండూ కలిపి ఒక ధరకు అమ్మేవారు ఉన్నారు, వాళ్లతో పోటీ పడి గెలవలేరు, గెలవనక్కరలేదు. అలాంటి కాగితం ఇప్పించాక వచ్చే గుబులుకు ఈ పేజీలో మందు లేదు.

## ఏడాది దాటాక

పనులు వస్తున్నా, ఇదంతా అదృష్టమేననిపిస్తోంది.

మొదటి పిలుపులో అదృష్టం పాలు ఉండవచ్చు. అదే క్లయింటు రెండోసారి పిలిచాడా? అప్పుడు మీ పని చూశాకే పిలిచాడు. ప్రతి పనికీ మొదటి రోజు అంకె, చివరి రోజు అంకె రాసి పెట్టుకోండి. వందకు ఎనిమిది తిరిగొచ్చేవి, ఇప్పుడు మూడు. అనుమానం వచ్చిన రాత్రి పొగడ్తలు గుర్తుచేసుకుంటే అవి మొహమాటపు మాటల్లా వినిపిస్తాయి. అంకెలకు మొహమాటం లేదు.

నాతో మొదలుపెట్టినవాళ్లు లింక్డ్‌ఇన్‌లో ఎక్కడికో వెళ్లిపోయారు.

వాళ్ల బ్యాంకు పుస్తకం అక్కడ పెట్టరు. ఉదయం పదిలోపు లింక్డ్‌ఇన్ తెరవకండి.

మళ్లీ ఉద్యోగంలో చేరితే ఓడిపోయినట్టేనా?

నాతో దాదాపు ఒకేసారి బయటికి వచ్చిన స్నేహితుడు రెండేళ్లకు తిరిగి ఉద్యోగంలో చేరాడు. పని బాగానే చేసేవాడు. డబ్బు అడగడం, ఒంటరిగా తినడం అతనికి పడలేదు. ఇప్పుడు ఒక పెద్ద సంస్థలో సరఫరాదారుల నాణ్యత చూస్తాడు. రెండేళ్లు చిన్న షాపుల్లో తిరిగాడు కాబట్టి వాళ్ల కష్టాలు అతనికి తెలుసు. నాకు వచ్చే పనుల్లో కొన్ని అతను చెబితే వచ్చేవే.

ఈ అనుమానం పూర్తిగా ఎప్పుడు పోతుంది?

తొమ్మిదేళ్లయింది. పోయిన సోమవారం చర్లపల్లిలో ఒక కొత్త కంపెనీకి వెళ్లాను. గేటు దగ్గర రిజిస్టరులో పేరు, ఫోను నంబరు, బండి నంబరు రాశాను. 'వచ్చిన పని' అన్న గడి దగ్గర కలం ఆగింది. ఏమని రాయను? లోపల నాకు తెలియని యంత్రాలుంటే? కాపలా అతను "సార్, వెనకాల లైనుంది" అన్నాడు. 'కొలతల తనిఖీ' అని రాసి లోపలికి వెళ్లాను.